నూలుపోగు, పూలమడి

దుఃఖసమయంలో చదువరికి గ్రంథమే శరణ్యమని తలచడం పరిపాటి. జవహర్‌లాల్ నెహ్రూ కారాగార జీవితం ఇంకొక శరణ్యాన్ని కూడా చూపుతున్నది.

1930లో అలహాబాదు చేరువనున్న నైనీ చెరసాలలో ఆయన దినమునకు దాదాపు మూడు గంటలు రాట్నంపై నూలు వడికేవారు. మరి రెండు మూడు గంటలు నవారు నేసేవారు. నవారు పని ఎవరూ విధించినది కాదు, తానై అడిగి తీసుకొన్నది. చదివి చదివి వేడెక్కిన మనస్సు ఆ పనిలో చల్లబడేది.

1942 ఆగస్టులో ఆయనను అహమ్మద్‌నగరు కోటలో నిర్బంధించారు. మన పట్టాభి సీతారామయ్యగారు అక్కడ సహబందీ. ఆ నేల రాళ్లమయం. పాత కట్టడాల శిథిలాలతో నిండినది. నెహ్రూ మండుటెండలో సైతం దానిని త్రవ్వి పూలమళ్లు కట్టారు. 1943లో బయట వంగదేశం క్షామంతో అల్లాడుతున్నది. లోపలివారు చేయగలిగినది లేదు. విడుదల ఎన్నడో తెలియదు. 1945 వరకు తలుపు తెరచుకోలేదు.

పూలు క్షామాన్ని తీర్చలేదు, నిజమే. కాని ఏమీ చేయలేని చోట కూడా తెగిన పోగును అతకవచ్చును, మొలకకు నీరు పోయవచ్చును. మనిషిని నిస్పృహనుండి కాపాడినది ఆ కొద్దిపాటి కర్తృత్వమే. బడితోటలో పార పట్టిన పిల్లలకు ఉపాధ్యాయులు చెప్పదగిన కథ ఇది.