ఆకలి తీరాలి, భయం పోవాలి
చలికాలంలో మన చిన్నారుల చదువు, ఆరోగ్యం

ఆదిలాబాదు ప్రాంతపు చలి ఎంత కఠినమైనదో అక్కడివారికి చెప్పనవసరం లేదు. కొన్ని సంవత్సరాలలో ఉష్ణోగ్రత 5 డిగ్రీలకన్నా దిగువకు పడిపోతుంది. అలాంటి ఉదయాలలో, ఫజ్ర్ నమాజు ముగిసిన కాసేపటికే, ఆరేడేళ్ల పసివాళ్లు ఖాయిదాను గుండెలకు హత్తుకొని మక్తబ్‌కు వస్తారు. అక్కడినుండి ఇంటికి, ఇంటినుండి బడికి వెళతారు. చలి ముదిరేకొద్దీ హాజరు తగ్గుతుంది. వచ్చినవారిలోనూ చాలామంది గొంతు విప్పరు. ఈ మౌనాన్ని మనం సాధారణంగా సోమరితనం అంటాము. నేనూ చాలాకాలం అలాగే అన్నాను.

కొన్నేళ్ల క్రితం నా వద్ద ఏడేళ్ల బాలుడొకడు చదివేవాడు. నవంబరు వరకు చక్కగా పఠించినవాడు డిసెంబరులో ఆలస్యంగా రావటం, వెనుక వరుసలో ముడుచుకొని కూర్చోవటం మొదలుపెట్టాడు. పాఠం అప్పజెప్పమంటే తల దించుకొనేవాడు. ఒకరోజు అందరి ఎదుట గట్టిగా మందలించాను. మరునాటినుండి రాలేదు. నాలుగో రోజున వాళ్ల ఇంటికి వెళ్లాను. దాదీ వాడి అరచేతులు తెరిచి చూపింది. చన్నీటి వుజూతో, తుడుచుకోని తడితో చర్మం పగిలి నెత్తురు చిమ్ముతోంది. “మౌల్వీ సాబ్, పేజీ తిప్పితే వేళ్లు మండుతున్నాయట. మీతో చెప్పడానికి భయపడ్డాడు” అన్నది ఆమె.

అప్పటికి వాడి పాఠం సూరా ఖురైష్. అందులో చలికాలపు ప్రయాణం ప్రస్తావన ఉంది. ఆ వెంటనే, ఆకలిలో అన్నం పెట్టి, భయంనుండి రక్షణ కల్పించిన ప్రభువును ఆరాధించాలన్న బోధ ఉంది. ఎన్నో ఏళ్లుగా పిల్లలచేత వల్లె వేయించిన ఆ సూరా ఆ వాకిట్లో నన్నే ప్రశ్నించినట్లనిపించింది. ఆ పసివాడికి నేను పాఠం చెప్పాను గాని, వాడు తిని వచ్చాడా అని అడగలేదు. వాడి భయాన్ని పోగొట్టకపోగా, నేనే ఒక భయమయ్యాను.

ఖాళీ కడుపుతో పంపవద్దు

రాత్రి ఎనిమిది గంటలకు తిన్న పిల్లవాడు మధ్యాహ్న భోజనం వరకు ఏమీ తినకపోతే పదహారు గంటలు పస్తున్నట్లే. పిల్లల శరీరం చిన్నది. పెద్దలకన్నా త్వరగా వేడిని కోల్పోతుంది. కడుపులో ఏదో ఒకటి పడితేనే ఆ వేడి నిలుస్తుంది. దీనికి ఖర్చుతో కూడిన ఆహారం అక్కరలేదు. వేడి రాగిజావ, రాత్రి మిగిలిన జొన్నరొట్టెను పాలలో నానబెట్టిన ముద్ద, ఒక ఉడికిన గుడ్డు, బెల్లంతో చేసిన నువ్వుల ఉండ వీటిలో ఏదైనా చాలు. ఒట్టి చాయ్‌తో సరిపెట్టకూడదు. చలిలో దాహం తెలియదు గనుక గోరువెచ్చని నీళ్లు మనమే గుర్తుచేసి తాగించాలి.

దుస్తులు, నీరు, నిప్పు

ఒకే మందపాటి స్వెట్టరుకన్నా ఒకదానిపై ఒకటి వేసిన రెండు మూడు పలుచని దుస్తులు వెచ్చదనాన్ని బాగా నిలుపుతాయి. ఎండెక్కాక ఒక్కొక్కటే తీసివేయవచ్చు కూడా. చెవులు, పాదాలు కప్పాలి. తడిసిన చొక్కా చేతులతో బడికి పంపకూడదు.

వుజూకు నీళ్లు వేడి చేసుకోవటంలో తప్పేమీ లేదు. జాతుస్సలాసిల్ దండయాత్రలో అమ్ర్ బిన్ ఆస్ (రజి) ఒక చలిరాత్రి స్నానం చేస్తే ప్రాణాపాయమని భయపడి తయమ్ముమ్ చేసి నమాజు చేయించారు. ఆ సంగతి విన్న దైవప్రవక్త (సల్లం) నవ్వారే తప్ప తప్పుపట్టలేదని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. సైనికుడి విషయంలోనే చలిని లెక్కలోకి తీసుకున్న ధర్మం మనది. అలాంటప్పుడు పసివాళ్లకు చెంబెడు వేడినీళ్లు ఇవ్వటానికి వెనుకాడటమెందుకు? వుజూ తరువాత తువ్వాలుతో చేతులు తుడిచి, కాస్త కొబ్బరినూనె రాస్తే చర్మం పగలదు.

ఒక హెచ్చరిక. తలుపులు, కిటికీలు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టి నిద్రపోవద్దు. దానినుండి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

పిల్లవాడు వేగంగా ఊపిరి తీస్తున్నా, శ్వాసతోపాటు డొక్కలు లోపలికి పోతున్నా ఇంటి వైద్యంతో కాలయాపన చేయక వెంటనే వైద్యుని వద్దకు తీసుకెళ్లాలి. అలాగని ఆరోగ్యంగా ఉన్న బిడ్డను చలి పేరుతో ఇంట్లో కూర్చోబెట్టనూ వద్దు. ఎండలో ఆట, తోటివారితో పరుగు ఈ కాలంలో మరింత అవసరం.

భయం

చలిలో కొందరు పిల్లలు పక్క తడుపుతారు. దాన్ని అన్నదమ్ముల ముందు ఎగతాళి చేస్తే, ఆ సిగ్గు బడి దాకా వెంటాడుతుంది. ఆలస్యమైతే దెబ్బలు తప్పవనుకున్న బిడ్డ అసలే రాడు. నమాజులో పసివాని ఏడుపు వినిపిస్తే, తల్లి మనసు తల్లడిల్లుతుందని దైవప్రవక్త (సల్లం) నమాజునే క్లుప్తం చేసేవారు. పాఠం అంతకన్నా గొప్పదేమీ కాదు.

తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. బిడ్డ మౌనంగా ఉంటే ముందు వాడి చేతులు తాకి చూడండి, తిన్నాడో లేదో అడగండి, ఆ తరువాతే పాఠం అడగండి. కష్టమేమిటో గురువుకు మీరే తెలియజేయండి. వాళ్లంతట వాళ్లు చెప్పుకోలేరు.

ఆ సంవత్సరం నుండి మా మక్తబ్‌లో డిసెంబరు, జనవరి నెలల పాఠాలు పొద్దుపొడిచాక, ఎండ పడే వరండాలో మొదలవుతున్నాయి. మూలన ఒక దేగ్చాలో నీళ్లు కాగుతుంటాయి. ఆ బాలుడు వారం తరువాత తిరిగివచ్చాడు. నేను వాడిని క్షమాపణ అడిగాను. వాడు సిగ్గుపడి నవ్వి, సూరా ఖురైష్ ఆగకుండా అప్పజెప్పాడు.