మామిడి కొమ్మపై రెండు బదనికలు

మామిడి కాపు ముగిసి తొలకరి పడగానే మా విస్సన్నపేట పరిసరాల రైతులు చెట్లెక్కించి బదనికలు తీయించడం ఆనవాయితీ. అటువంటి రోజులలో ఒక రైతు నా వద్దకు వచ్చి, తెల్లని తాళ్లవంటి వేళ్లతో ఉన్న ఒక మొక్కను అరుగుపై పెట్టి ఇట్లా అడిగినాడు: "అయ్యవారూ! కూలీలు ఈ గళ్లపూల బదనికను కూడా పీకుతున్నారు. ఇది చెట్టుకు చేటేనా? ఎండబెట్టి ఇస్తే మీకు రాస్నగా పనికివస్తుందా?"

ఈ రెండు ప్రశ్నలకూ నా సమాధానం 'కాదు' అనియే. అయితే అట్లా చెప్పడానికి నాకు అర్హత వచ్చినది ఒక తప్పు చేసిన తరువాతనే. కావున ముందు దానినే మనవి చేస్తాను.

గురుకులంలో చదువుకునే రోజులలో ఒక పాత చినరసాల తోటలో ఇటువంటి మొక్కలను గోతాము నిండా పీకి, రాస్న దొరికినదని సంబరంగా గురువుగారి ముందు పోశాను. వారు కోపపడలేదు. నన్ను వెంటబెట్టుకొని అదే తోటకు వెళ్లినారు. బదనిక పట్టిన కొమ్మను కోయించి చూపినారు. అతుకు వద్ద కొమ్మ బుడిపెగా ఉబ్బి ఉన్నది. బదనిక వేరు కలపలోనికి దిగి ఉన్నది. ఆపై నేను పీకిన చోట బెరడు గీకించినారు. లోపల పచ్చగా, గాయమన్నది లేకుండా ఉన్నది. "నాయనా! అమరంలో వందాకు వృక్షాదని అనీ, వృక్షరుహ అనీ పేర్లు వల్లించినావు గదా. చెట్టును తినేది ఏది? చెట్టుపై ఊరక కూర్చున్నది ఏది?" అన్నారు. నేను తల వంచుకున్నాను. ఆ చెట్టుపై ఆ పువ్వు మరల పూయడం నేను చూడలేదు.

రెండింటి భేదం

అసలు బదనిక పచ్చని దళసరి ఆకులతో, కర్రవంటి కొమ్మలతో గుబురుగా పెరుగుతుంది. గొట్టమువంటి పూలు పూస్తుంది. దాని పండులోని జిగురు గింజను చిన్న పిట్టలు కొమ్మలకు అంటిస్తాయి. అది మామిడి నుండి నీటినీ, లవణాలనూ లాగుకుంటుంది. దానిని పండ్లు పండకముందే అతుకు కింద కొంత కొమ్మతో సహా కోసివేయవలెను.

రెండవది ఆర్కిడ్ జాతి మొక్క. ఆకులు రెండు వరుసలుగా, మధ్యకు మడిచిన పట్టీలవలె దళసరిగా ఉంటాయి. ఆకు కొన ఎవరో కొరికినట్లు ఉంటుంది. వేళ్లు బెరడును కరచుకొని గాలిలో వేలాడుతాయి. ఎండినపుడు వెండిరంగు, తడిసినపుడు ఆకుపచ్చ. పువ్వు పసుపు ఛాయపై గోధుమరంగు గళ్లతో, ఊదారంగు పెదవితో ఉంటుంది. ఇది చెట్టు రసమును పీల్చదు. వానచుక్క, మంచు, బెరడుపై పేరుకున్న దుమ్ము దీనికి ఆహారం.

మన కోస్తాలో సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ 1795లో వెలువడిన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో దీనిని వర్ణించినారు. గళ్లపూలను బట్టియే దీనికి టెసెల్లేటా అనే పేరు వచ్చినది. మన 'వందా' శబ్దాన్నే విలియం జోన్స్ 'వాండా' అని ఈ ప్రజాతికి ఇచ్చినారు. నేటి శాస్త్రనామం వాండా టెసెల్లేటా. బదనిక పేరే ఆర్కిడ్‌కు కూడా అంటుకొనడం మన రైతుల పొరపాటు మాత్రమే కాదన్నమాట.

ఎనిమిది కోట్ల ఏళ్ల వంశం

పుష్పించే మొక్కలలో ఆర్కిడ్ కుటుంబం అతి పెద్దవాటిలో ఒకటి. ప్రపంచంలో ఇంచుమించు 28,000 జాతులు, మనదేశంలో 1,200కు పైగా జాతులు కలవు. మెత్తని మొక్కలు గనుక వీటి శిలాజాలు బహు అరుదు. డొమినికన్ రిపబ్లిక్‌లో దొరికిన జిగురుశిలలో ఒక తేనెటీగ చిక్కుకొని ఉన్నది. దాని వీపుపై ఆర్కిడ్ పుప్పొడి ముద్ద అంటి ఉన్నది. దాని వయస్సు కోటిన్నర నుండి రెండు కోట్ల సంవత్సరాలు. 2007లో ప్రకటించిన ఆ పరిశోధనలో, దాని ఆధారంగా లెక్కించి, నేటి ఆర్కిడ్లన్నింటి మూలపురుషుడు సుమారు ఎనిమిది కోట్ల ఏళ్ల నాటివాడని తేల్చినారు. అనగా భూమిపై రాక్షసబల్లులు తిరిగిన కాలం. నాటికి మన భారత భూభాగం ఆసియాతో ఇంకా కలియలేదు.

ఆ మూలస్థానం ఉత్తరార్ధగోళపు ప్రాచీన భూఖండమని 2024లో వెలువడిన ఒక అధ్యయనం సూచించినది. నేడు మనం చూచే వైవిధ్యంలో అధికభాగం గత యాభై లక్షల ఏళ్లలో ఏర్పడినదేనని కూడా అది చెప్పినది. వంశం ప్రాచీనం, సంతానం నూతనం.

చెట్టెక్కిన ఉపాయం

నేలపై పుట్టిన ఈ వంశంలో పెక్కు శాఖలు క్రమంగా చెట్లెక్కినవి. అక్కడ వెలుతురు కలదు, పోటీ తక్కువ. కాని మట్టి లేదు, నీరు నిలువదు. అందుకు మూడు ఉపాయాలు ఏర్పడినవి. వేరుకు స్పంజివంటి తెల్లని తొడుగు ఏర్పడి, వానచుక్కను వెంటనే పీల్చుకుంటుంది. వాండా వంటివి పగటి ఎండలో ఆకురంధ్రాలు మూసి, రాత్రి చల్లదనంలో తెరచి గాలి గ్రహిస్తాయి. ఇక విత్తనం ధూళివలె సూక్ష్మం. ఒక్క కాయలోనే వేలకు వేలు ఉండి, గాలిలో ఎంతో దూరం పోగలవు. ఈ ఉపాయాల వల్లనే ఆర్కిడ్లు అంటార్కిటికా తప్ప అన్ని ఖండాలకూ వ్యాపించినవి.

మనదేశంలో వీటికి ఈశాన్య హిమాలయం, పశ్చిమకనుమలు పుట్టినిళ్లు. మన పాడేరు, అరకు కొండలలోనూ పలు జాతులు కలవు. నలభై డిగ్రీలు దాటే మా నూజివీడు ప్రాంతపు వేసవిని మాత్రం ఓర్చుకోగల జాతులు కొద్ది. వాటిలో ఈ గళ్లపూల వాండా ఒకటి. పాత మామిడిచెట్టు గరుకు బెరడు దీనికి ఆసనం.

అయితే ధూళివంటి విత్తనంలో తల్లి పెట్టిన అన్నం లేదు. బెరడుపై తగిన శిలీంధ్రం దొరికి, అది పోషించినపుడే మొలక బ్రతుకుతుంది. వేలలో ఏ ఒక్కటో నిలుస్తుంది. అది పూతకు రావడానికి ఏళ్లు పడుతుంది. పీకడానికి క్షణం చాలు. ఆనాడు నేను గోతాములో నింపినది ఎన్ని ఏళ్ల ఎదుగుదలయో ఇప్పుడు తెలుస్తున్నది.

వైద్యంలో దీని స్థానం

ఆమవాత, సంధివాతములలో వాడే రాస్నాది కషాయాలలోని 'రాస్న' ఏది అనుటలో ప్రాంతభేదం కలదు. వంగదేశంలో ఈ వాండా వేరునే వాడినారు. దక్షిణాదిన దుంపరాష్ట్రకమును వాడుతారు. ఆయుర్వేద ఫార్మకోపియా మాత్రం ప్లూకియా లాన్సియోలేటా అనే నేలమొక్కను రాస్నగా స్వీకరించినది. ఈ రెండూ లభిస్తుండగా అడవి ఆర్కిడ్‌ను పెరికే అవసరం లేదు. అన్ని ఆర్కిడ్ల అంతర్జాతీయ వ్యాపారమూ సైటిస్ ఒప్పందపు నియంత్రణలో ఉన్నది.

ప్రతినిధి ద్రవ్యం వాడుట శాస్త్రవిరుద్ధమేమో అని కొందరి సందేహం. చ్యవనప్రాశలో పడే అష్టవర్గంలోని జీవకము, ఋషభకము, ఋద్ధి, వృద్ధి అనేవి హిమాలయపు ఆర్కిడ్లని నేటి పండితుల నిర్ణయం. అష్టవర్గం రాజులకు సైతం దుర్లభమని చెప్పి, 16వ శతాబ్దిలోనే భావప్రకాశకారుడు జీవక ఋషభకాలకు విదారికందమును, ఋద్ధి వృద్ధులకు వారాహికందమును విధించినాడు. దొరకనిదానికై అడవిని వెదకి నాశనం చేయమని మన శాస్త్రం చెప్పలేదు.

మనవి

పాఠకులు రాస్నచూర్ణం కొనునపుడు అందులో ఏ మొక్క ఉన్నదో చీటీపై చూడవలెను. దుంపరాష్ట్రకమైతే ఘాటైన సువాసన ఉంటుంది. తాడుముక్కలవంటి వేళ్లను రాస్నగా ఎవరైనా ఇస్తే తీసుకొనవలదు. కీళ్లనొప్పులకు వైద్యుని సలహా లేకుండా కషాయాలు వాడవలదు.

రైతులు చెట్టెక్కే కూలీకి ముందే ఒక గుర్తు చెప్పవలెను: కొమ్మ ఉబ్బి ఉంటే కోయి, వేళ్లు బెరడుపైనే ఉంటే వదిలిపెట్టు. నా వద్దకు వచ్చిన రైతు తాను తెచ్చిన మొక్కను తిరిగి తీసుకొని వెళ్లి, కొబ్బరితాడుతో పాత పెదరసం చెట్టు మానుకు కట్టినాడు. వేళ్లు పట్టుకున్నవో లేదో చూడడానికి వచ్చే వేసవిలో రమ్మన్నాడు. వెళ్లవలెనని ఉన్నది.