సీసపు సిపాయిలు – కుంచె నోట్లో పెట్టకండి!

బొమ్మల కొలువు పెట్టే ఇళ్ళలో పెరిగినవారికి బొమ్మలు కూడబెట్టే సరదా ఎలాంటిదో నేను చెప్పనక్కరలేదు. ఇంగ్లండులోనూ, అమెరికాలోనూ ఈ సరదా మరో రూపంలో ఉంది. అక్కడ ఉద్యోగస్థులూ, రిటైరైన పెద్దలూ కూడా అంగుళం ఎత్తు సిపాయి బొమ్మల్ని వందలకొద్దీ కొంటారు. ఒక్కొక్కదానికీ సన్నని కుంచెతో చొక్కా, బొత్తాలు, మీసాలు దిద్దుతారు. తర్వాత వాటిని బల్లమీద బారులు తీర్చి, టేపుతో దూరం కొలుస్తూ, పాచికలు వేస్తూ యుద్ధం ఆడతారు. నెపోలియన్ సైన్యం ఒకరిదైతే ఇంగ్లీషు సైన్యం మరొకరిది. ఒక పటాలానికి రంగులు వేయటానికే నెలలు పడుతుంది. ‘టైమ్ మెషిన్’ రాసిన హెచ్.జి. వెల్స్ ఈ ఆటకు నియమాలు ఏర్పరచి, 1913లో ‘లిటిల్ వార్స్’ అని ఒక పుస్తకమే రాశాడు. అసలు యుద్ధం కంటే ఈ బొమ్మల యుద్ధం ఎంతో నయమని ఆయన వాదం. మరుసటి ఏడే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చిపడింది.

చదువులకీ ఉద్యోగాలకీ ఆ దేశాలు వెళ్ళిన మన పిల్లలు కొందరు ఈ సరదా అంటించుకుంటున్నారు. సెలవులకు వచ్చినప్పుడు పెట్టెలో బొమ్మలూ రంగులూ తెచ్చి భోజనాల బల్లమీద పరుస్తారు. ‘పెళ్ళీడుకొచ్చి బొమ్మలతో ఆటలేమిట్రా?’ అని తల్లి విసుక్కుంటుంది. నా ఓటు కుర్రవాడికే. సెల్‌ఫోను అవతల పెట్టి రెండు గంటలసేపు ఒకే పనిమీద కూర్చోగలగటం ఈ రోజుల్లో చిన్న సంగతి కాదు. అమ్మగారు గమనించవలసింది వేరే ఉంది. ఆ బొమ్మ దేనితో పోసింది? కుంచె మొన సన్నబడటానికి అబ్బాయి ఏం చేస్తున్నాడు?

1893లో లండనులో విలియం బ్రిటన్ అనే బొమ్మల తయారీదారు ఒక ఉపాయం కనిపెట్టాడు. కరిగిన సీసపు మిశ్రమాన్ని అచ్చులో పోసి, పైపొర గట్టిపడగానే లోపలిది ఒంపేసేవాడు. బొమ్మ డొల్లగా, తేలిగ్గా, చవగ్గా వచ్చేది. ఇంచుమించు డెబ్బై ఏళ్ళు ఇంగ్లండు పిల్లలు ఈ సీసపు సిపాయిలతో ఆడుకున్నారు. ఆ కంపెనీ 1966లో ఇలా పోయటం మానింది. పిల్లలకు ప్లాస్టిక్ బొమ్మలు వచ్చినా, పెద్దల ఆటకు పోసే లోహపు బొమ్మల్లో సీసం 1990ల దాకా మామూలుగానే ఉండేది. ఇప్పుడు పేరున్న కంపెనీలు చాలావరకు తగరం పాలు ఎక్కువగా ఉండే, సీసం లేని లోహాన్ని వాడుతున్నాయి. మన పెద్దలు చారు కాచుకున్న సత్తుగిన్నెకు అది దగ్గర చుట్టం. ప్లాస్టిక్ బొమ్మలైతే మరీ ఎక్కువ. కాబట్టి కొత్త పెట్టె చూసి బెంబేలెత్తనక్కరలేదు. అనుమానించవలసింది పాత బొమ్మల్ని, అంటే వేలంలో కొన్నవీ, ఎవరో తాతగారి అటకమీంచి దిగినవీ. చేతికి బరువుగా తగిలి, సులువుగా వంగి, కాగితం మీద రాస్తే పెన్సిలు గీతలాంటి మరక పడితే సీసం ఉన్నట్టే అనుకోండి. మరక పడనంత మాత్రాన లేదని నమ్మకండి.

సీసం పద్యంలో అందం, ఒంట్లో విషం. అయితే రంగు వేసి అద్దాల బీరువాలో నిలబెట్టిన సిపాయి ఎవరికీ అపకారం చేయడు. సీసపు లోహం చర్మం గుండా లోపలికి పోయేది లేనట్టే. అది ఒంట్లోకి వెళ్ళే దారులు నోరూ, ఊపిరీ. బొమ్మ అంచుల్ని ఆకురాయితో రాసినప్పుడు లేచే పొడి, ఆ చేతులతోనే తిన్న జంతికలు, ఇవీ అసలు దొంగలు. చెక్క బీరువాల్లో, ముఖ్యంగా ఓక్ చెక్కలో, ఏళ్ళ తరబడి ఉన్న సీసపు బొమ్మలకు ఇంకో జబ్బు వస్తుంది. చెక్కలోంచి వెలువడే పులుపు ఆవిరికి సీసం తినేసి, విబూదిలాంటి తెల్లని పొడి రాలుతుంది. ఆ పొడి కూడా సీసమే. దాన్ని నోటితో ఊదకండి. చీపురుతో ఊడవకండి. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డ పారేయండి. కొందరు ఉత్సాహవంతులు అచ్చులు కొని ఇంట్లోనే గ్యాసు పొయ్యిమీద సీసం కరిగించి బొమ్మలు పోస్తారు. వంటింట్లో ఆ పని ఎట్టి పరిస్థితుల్లోనూ కూడదు.

ఇక కుంచె సంగతి. పెదవులతో తడిపి మొన తేల్చటం చాలామందికి అలవాటు. 1917 నుంచి కొన్నేళ్ళపాటు అమెరికాలో న్యూజెర్సీ ఫ్యాక్టరీలో గడియారాల అంకెలకు రేడియం రంగు వేసే ఆడపిల్లలు ఇలాగే కుంచె నోట్లో పెట్టుకునేవారు. అలా చేయమని వారికి నేర్పారు కూడా. కొన్నేళ్ళకు పళ్ళు ఊడి, దవడ ఎముకలు పుచ్చి ఎందరో చనిపోయారు. రేడియాన్ని శరీరం కాల్షియం అని పొరబడి ఎముకల్లో దాచుకుంది. సీసాన్నీ అలాగే దాచుకుంటుంది. ఇప్పటి యాక్రిలిక్ రంగుల సీసాల మీద ‘విషరహితం’ అని ఉంటుంది. మామూలుగా వాడితే ప్రమాదం లేదని దాని అర్థం, రోజూ నాకమని కాదు. పాత ఎనామెల్ రంగుల్లో సీసం, కాడ్మియం రెండూ ఉండవచ్చు. మొన తేల్చటానికి తడి కాగితం చాలు.

పిల్లలకే ఎక్కువ ముప్పు

రంగులు వేసే అబ్బాయికంటే, ఆ బల్లకింద పాకే అతని అక్క కొడుకు గురించే నాకు బెంగ. పసిపిల్లలు కడుపులోకి పోయిన సీసాన్ని పెద్దవాళ్ళకంటే నాలుగైదు రెట్లు ఎక్కువ పీల్చుకుంటారు. ఇనుము, కాల్షియం తక్కువైన పిల్లలు ఇంకా ఎక్కువ. మన పిల్లల్లో రక్తహీనత ఎంత మామూలో మీకు తెలుసు. గర్భిణి ఎముకల్లో దాగిన సీసం కరిగి శిశువుకు చేరుతుంది.

కొద్ది మోతాదులో పైకేమీ కనిపించదు. చదువులో వెనకబడటం, చిరాకు, నిలకడ లేకపోవటం వంటివి ఉంటాయి. ఎక్కువైతే కడుపులో మెలిపెట్టే నొప్పి, మలబద్ధకం, పాలిపోవటం, ఇంకా ముదిరితే ఫిట్స్. సర్కారు ఆస్పత్రిలో పాలిపోయిన పిల్లవాణ్ణి చూడగానే మేము ముందు నులిపురుగులూ, తిండీ ఆలోచిస్తాం. అది న్యాయమే. ఐరన్ టానిక్కుకీ లొంగకుండా కడుపునొప్పి, మలబద్ధకం తోడైతే మాత్రం ఇంట్లో జరిగే పనులన్నీ డాక్టరుకి చెప్పండి. బొమ్మల రంగులు, బ్యాటరీ పని, నాగభస్మం కలిసిన మందులు, ఏదీ దాచకండి. మీరు చెప్పకపోతే మాకు తట్టదు.

పరీక్ష చేతి నరంలోంచి తీసిన రక్తంతో చేస్తారు. 1960లలో 100 మిల్లీలీటర్ల రక్తంలో 60 మైక్రోగ్రాముల సీసం ఉన్నా అమెరికాలో పర్వాలేదనుకునేవారు. 1991లో ఆ గీత 10కీ, 2012లో 5కీ, 2021లో 3.5కీ దిగింది. ఇంత ఉంటే క్షేమం అనే మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 5 దాటితే సీసం ఎక్కడినుంచి వస్తోందో వెతికి తీసెయ్యాలి. అదే ముఖ్యమైన వైద్యం. సీసాన్ని బయటికి లాగే మందులు పిల్లల్లో 45 దాటిన కేసులకే, అదీ ఆస్పత్రిలోనే.

కాబట్టి అమ్మగారూ, బొమ్మలు పారేయించకండి. భోజనాల బల్ల మాత్రం ఖాళీ చేయించండి. కిటికీ పక్కన వేరే బల్ల, దానిమీద పాత వార్తాపత్రిక, కుంచె కడిగే నీళ్ళకు రంగు డబ్బా ఏర్పాటు చేయండి. కాఫీ గ్లాసు వద్దు, పరధ్యానంలో తాగేస్తారు. పని కాగానే సబ్బుతో చేతులు కడగాలి. స్ప్రే డబ్బాలు మేడమీద ఆరుబయటే కొట్టాలి. టర్పెంటైను, థిన్నరు సీసాలు తాళంలో ఉంచండి. పసివాడు తాగితే వేలు పెట్టి కక్కించకండి. ఉప్పునీళ్ళూ పట్టకండి. కక్కేటప్పుడే అది ఊపిరితిత్తుల్లోకి దిగి ప్రాణం మీదికి తెస్తుంది. సీసాతో సహా వెంటనే ఆస్పత్రికి తీసుకురండి. వేళ్ళు జిగురుతో అంటుకుపోతే లాగకుండా గోరువెచ్చని సబ్బునీళ్ళలో నానబెట్టండి.

నలభై దాటి ఈ సరదా పట్టిన నాన్నగార్లకు ఒక మాట. సిపాయి కంట్లో నల్లచుక్క పెట్టటానికి ముక్కు ఆనించి చూసే బదులు, దగ్గరచూపుకి కళ్ళద్దాలు వేయించుకోండి. బల్లమీద దీపంతో ఉండే భూతద్దం ఇంకా మంచిది. బొమ్మను మీ కంటి ఎత్తుకు తెచ్చుకోండి, మీ మెడను బొమ్మ దగ్గరికి వంచకండి. ఇరవై నిమిషాలకోసారి లేచి, వీధిలోకి చూసి, నాలుగుసార్లు కళ్ళార్పి మళ్ళీ కూర్చోండి.