గన్నేరు శలభము

బోయిన్‌పల్లి మొదలైన సికింద్రాబాదు ప్రాంతములలో ఇంటి ముంగిట గన్నేరు, నందివర్ధనము పెంచుట వాడుక. ఒక్కొక్కప్పుడు ఆ మొక్కల కొమ్మలు ఆకులు లేక బోసిపోవును. మొదట నల్లని రెట్టలు రాలియుండును. ఇంటివారు వెంటనే పురుగుమందు చల్లుదురు. ఆ మందునకు చచ్చునది మన దేశపు మిక్కిలి అందమైన శలభములలో ఒకదాని పిల్ల.

ఈ శలభమును లిన్నేయస్ పండితుడు 1758లో వర్ణించెను. దీని నేటి శాస్త్రనామము డాఫ్నిస్ నీరియై. గన్నేరు శాస్త్రనామమైన నీరియమునుండియే ఈ పేరు వచ్చినది. రెక్కలు విప్పినచో కొననుండి కొనకు 9 మొదలు 11 సెంటీమీటర్ల వరకు ఉండును. ముదురాకుపచ్చ, లేతాకుపచ్చ రంగుల నడుమ తెలుపు, గులాబి చారలు అలలవలె సాగును. పగలు ఆకుల మధ్య వాలియున్నచో కంటికి ఆనదు.

తల్లి లేతాకుపచ్చని గ్రుడ్లను విడివిడిగా ఆకులపై పెట్టును. కొలది దినములలో పసుపువన్నె డింభకము వెలువడును. దాని తోకపై సన్నని నల్లని కొమ్ముండును. పెరిగినకొలది అది ఆకుపచ్చనై, 7, 8 సెంటీమీటర్ల పొడవగును. తలకు వెనుక నీలపు కన్నులవంటి మచ్చలు రెండుండును. బెదిరినప్పుడు తల లోనికి ముడిచి, ఆ మచ్చలను ఉబ్బించి చూపును. పక్షి జంకుటకు అది చాలును. నిజమునకు దానికి కాటు లేదు, దురదగొల్పు నూగు లేదు; కొమ్ము గ్రుచ్చుకొనదు.

గన్నేరు మనుష్యులకును పశువులకును గుండెను పట్టు విషము. ఈ పురుగు దానినే ఆహారముగా కొని జీర్ణించుకొనును. ఎదుగుట ముగియగనే గోధుమరంగు దాల్చి, నేలకు దిగి, ఎండుటాకులక్రింద పలుచని గూడల్లుకొని కోశదశ చెందును. కొన్ని వారములకు రెక్కలతో వెలువడి, సంధ్యవేళ పూలముందు గాలిలో నిలిచి, పొడవైన తుండముతో తేనె గ్రోలును. ఈ జాతి శలభములు కొన్ని వేసవిలో ఐరోపా వరకు వలసపోవును.

ఆకులు పోయిన గన్నేరు సాధారణముగా మరల చిగుర్చును. విషమునకు చచ్చిన పురుగు మరల రాదు. మొక్క చిన్నదైనచో పురుగును పుల్లతో ఎత్తి పెద్ద మొక్కపైకి చేర్పవలెను. గన్నేరు పాలు తగిలిన చేతులు కడుగుకొనవలెను. మొదటనున్న ఎండుటాకులను తగులబెట్టక కొన్నాళ్ళు ఉండనిచ్చుట మేలు. దీపమునకు ఆకర్షింపబడుట శలభముల స్వభావము గనుక, అక్కరలేని ముంగిలి దీపమును రాత్రివేళ ఆర్పుటయు వానికి రక్షణయే.