మోగని ఫోనుకు రీచార్జి ఎంత?

వారానికి నాలుగు కాల్స్ కూడా రాని నంబరు ఇంటికొకటి ఉంటుంది. ఊళ్లో నాయనమ్మ కీప్యాడ్ ఫోను, బ్యాంకు ఓటీపీల కోసం దాచుకున్న పాత సిమ్, విదేశాలకు వెళ్లినవాళ్ల ఇండియా నంబరు... ఇలాంటివి. వాటికి డబ్బులు ఎలా కట్టాలి?

మా నాయనమ్మకు 82 ఏళ్లు. ప్రకాశం జిల్లాలో మా ఊళ్లో ఒక్కతే ఉంటుంది. రమ్మంటే రాదు. తనకో కీప్యాడ్ ఫోను ఉంది. దాని రీచార్జి డ్యూటీ నాది. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీరుని కాబట్టి ‘ఫోన్ల సంగతి వాడు చూసుకుంటాడు’ అని ఇంట్లో తేల్చేశారు.

నేనెలా చూసుకున్నానో చెప్తా. యాప్ తెరిస్తే మొదట కనిపించే 84 రోజుల ప్లాన్ కొట్టేవాణ్ని. రోజుకు ఒకటిన్నర జీబీ డేటా. అసలు ఇంటర్నెట్టే లేని ఫోనుకు! లెక్కేస్తే ఏడాదికి 547 జీబీ. మా నాయనమ్మ అందులో ఒక్క ఎంబీ కూడా ముట్టలేదు.

డబ్బులు వృథా అయితే అయ్యాయి, అది చిన్న తప్పే. పెద్ద తప్పు తర్వాత జరిగింది. ఓసారి ఆఫీసులో రిలీజ్ హడావుడిలో ఉండి రీచార్జి మర్చిపోయా. కంపెనీ పంపిన గుర్తు మెసేజ్‌లన్నీ నాయనమ్మ ఫోనుకే వెళ్లాయి. ఆమె చదవలేదు. ముందు అవుట్‌గోయింగ్ ఆగింది. కొన్నాళ్లకు ఇన్‌కమింగ్ కూడా పోయింది. నేను రెండుసార్లు చేస్తే కలవలేదు. ‘ఊళ్లో సిగ్నల్ ఉండదుగా’ అనుకుని వదిలేశా.

పదకొండో రోజు పక్కింటి అత్త తన ఫోన్లోంచి చేసింది. నాయనమ్మకు మూడు రోజులుగా జ్వరమట. గ్యాస్ బండ తెచ్చిన అబ్బాయి ఓటీపీ అడిగితే, అది రాక బండ వెనక్కి పట్టుకెళ్లాడట.

“మరి నాకు చెప్పలేదేం నాయనమ్మా?” అన్నా.

“చేశా నాయనా. ఎవరో ఆడమనిషి ఏదో చెప్తా ఉంది, నాకేం అర్థం కాలా. నువ్వూ చేయకపోతివి. పనిలో ఉండావేమోలే అనుకున్నా.”

ఆ రాత్రి కూర్చుని ఈ రీచార్జిల సంగతి మొత్తం చదివా. నేను తెలుసుకున్నది మీకూ పనికొస్తుంది.

ఇన్‌కమింగ్ ఫ్రీయే కదా?

ఒకప్పుడు కాదు. మొబైళ్లు వచ్చిన కొత్తలో వచ్చిన కాల్‌కి కూడా డబ్బులు కట్టాల్సి వచ్చేది. 2003 మే నుంచి ఇన్‌కమింగ్ ఉచితమైంది. 2005 చివర్లో లైఫ్‌టైమ్ ప్రీపెయిడ్ వచ్చింది. రూ.999 ఒక్కసారి కడితే చాలు, ఇన్‌కమింగ్‌కి మళ్లీ రీచార్జి చేయక్కర్లేదన్నారు. మిస్డ్ కాల్ ఇచ్చి వదిలేసే అలవాటు మన ఇళ్లలో బాగా నాటుకుపోయింది ఆ రోజుల్లోనే.

2016లో జియో వచ్చాక చాలామంది డేటాకి ఒక సిమ్, పాత నంబరుకి ఒక సిమ్ పెట్టుకున్నారు. పాత సిమ్ మీద కంపెనీలకు పైసా రాని పరిస్థితి. దాంతో 2018 చివర్లో కనీస రీచార్జి మొదలైంది. అప్పుడది 28 రోజులకు రూ.35. కట్టకపోతే ఇన్‌కమింగ్ కూడా ఉండదు. అక్కణ్నుంచి పెరుగుతూ పోయి, 2024 జులైలో ఎయిర్‌టెల్‌లో 28 రోజుల ప్లాన్ రూ.199కి, జియోలో రూ.189కి చేరాయి.

అంటే ఇప్పుడు మనం కడుతున్నది మాట్లాడినందుకు కాదు, ఫోను మోగే స్థితిలో ఉన్నందుకు. తక్కువ వాడే ఫోనుకు ప్లాన్ చూసేటప్పుడు ఇది గుర్తుంటే సగం పని అయిపోయినట్టే. జీబీలు వదిలేయండి. రోజుకు ఎంత పడుతోందో చూడండి.

రోజు లెక్క

2024 డిసెంబర్‌లో ట్రాయ్ ఒక మంచి పని చేసింది. డేటా అక్కర్లేనివాళ్లకు కాల్స్, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉండే ప్లాన్‌లు విడిగా ఇవ్వాల్సిందేనని కంపెనీలకు చెప్పింది. అలాంటి ప్రత్యేక వోచర్ల గడువును 90 రోజుల నుంచి 365 రోజుల దాకా పెంచుకోనిచ్చింది. 2025 జనవరిలో ఆ ప్లాన్‌లు వచ్చాయి. అప్పటి ధరలతో వేసిన లెక్క ఇది:

• ఎయిర్‌టెల్ 28 రోజులు, రూ.199: రోజుకు రూ.7.11
• ఎయిర్‌టెల్ 84 రోజులు, కాల్స్ మాత్రమే, రూ.469: రోజుకు రూ.5.58
• ఎయిర్‌టెల్ 365 రోజులు, కాల్స్ మాత్రమే, రూ.1,849: రోజుకు రూ.5.07
• జియో 84 రోజులు, కాల్స్ మాత్రమే, రూ.448: రోజుకు రూ.5.33
• జియో 336 రోజులు, కాల్స్ మాత్రమే, రూ.1,748: రోజుకు రూ.5.20

ధరలు మారుతుంటాయి కాబట్టి మీరు రీచార్జి చేసే రోజున మళ్లీ చూసుకోండి. లెక్క పద్ధతి మాత్రం ఇదే. ధరను రోజులతో భాగించడమే.

ఇందులో రెండు మెలికలున్నాయి. 28 రోజులంటే నెల కాదు. ఏడాదికి 12 కాదు, 13 రీచార్జిలు పడతాయి. రూ.199 చొప్పున 13 సార్లంటే రూ.2,587. అదే ఏడాది ప్లాన్ అయితే రూ.1,849. తేడా రూ.738. రెండోది, 336 రోజులంటే ఏడాది కాదు. పన్నెండు 28లు. ‘ఏడాదికి వేశాంలే’ అని నిశ్చింతగా ఉంటే చివరి 29 రోజులు ఫోను మోగదు.

ఈ కాల్స్ ప్లాన్‌లు యాప్‌లో పైన కనిపించవు. పెద్ద అక్షరాల్లో ఉండేవన్నీ డేటా ప్లాన్‌లే. కిందికి జరిపితే ‘వాయిస్ ఓన్లీ’, ‘వాల్యూ’ లాంటి పేర్ల కింద దొరుకుతాయి. ఎంత స్క్రోల్ చేస్తే అంత మిగులుతుంది!

20 రూపాయల కథ

‘సిమ్‌లో 20 రూపాయలుంటే చాలు, నాలుగు నెలలు రీచార్జి అక్కర్లేదు’ అన్న వాట్సాప్ ఫార్వర్డ్ మీకూ వచ్చే ఉంటుంది. అది సగమే నిజం.

ట్రాయ్ నిబంధన ఉన్నమాట నిజమే. 2013 నుంచీ ఉంది. ప్రీపెయిడ్ నంబరును 90 రోజులు అసలు వాడకపోతేనే కంపెనీ తీసేయాలి. వాడకమంటే కాల్ రావడం, వెళ్లడం, మెసేజ్ పంపడం, డేటా వాడటం లాంటివి. 90 రోజులు దాటినా మెయిన్ బ్యాలెన్స్‌లో కనీసం రూ.20 ఉంటే, ఆ 20 కోసుకుని ఇంకో 30 రోజులు నంబరు ఉంచాలి. బ్యాలెన్స్ లేక ఆగిపోయినా, 15 రోజుల్లోపు రూ.20 కట్టి నంబరు తిరిగి తెచ్చుకోవచ్చు.

కానీ నంబరు బతికుండటం వేరు, ఫోను మోగడం వేరు. ఈ నిబంధన కాపాడేది నంబరునే. ప్లాన్ గడువు అయిపోతే కాల్స్, మెసేజ్‌లు ఆగిపోకుండా అది ఆపదు. ఓటీపీ రావాలన్నా, నాయనమ్మ మన గొంతు వినాలన్నా ప్లాన్ ఉండాల్సిందే.

కాబట్టి మీరు ముందు తేల్చుకోవాల్సింది ఒకటే. ఆ నంబరు ఊరికే మీ పేరు మీద ఉంటే చాలా, లేక ఎప్పుడైనా మోగాలా? పేరు మీద ఉంటే చాలనుకుంటే ఆ 20 రూపాయల దారి చూసుకోవచ్చు. మోగాలంటే ప్లాన్ తప్పదు.

నంబరు పోతే ఏమవుతుంది?

మా ఇంజినీరింగ్ ఫ్రెండ్ ఒకడు ఎమ్మెస్‌కి అమెరికా వెళ్లాడు. ఇండియా నంబరుతో ఇక పనేముందని రీచార్జి ఆపేశాడు. ఏడాదిన్నర తర్వాత ఇక్కడి బ్యాంకు ఖాతా తెరవబోతే ఓటీపీ ఆ నంబరుకే వెళ్లింది. దానికి నేను చేసి చూస్తే ఎవరో కొత్త గొంతు ఎత్తింది. పాపం ఆయన తప్పేం లేదు, కొత్త సిమ్ కొనుక్కున్నాడంతే.

ఆగిపోయిన నంబరును కనీసం 90 రోజులు ఎవరికీ ఇవ్వరు. ఆ తర్వాత ఇస్తారు. ఈ సంగతి ట్రాయ్ 2023లో సుప్రీంకోర్టుకే చెప్పింది. మీ బ్యాంకు, ఆధార్, గ్యాస్ కనెక్షన్ ఆ నంబరుకే ముడిపడి ఉంటే, ఇక ఓటీపీలన్నీ ఆ కొత్త మనిషికి వెళ్తాయి. ఇలాంటి పాత నంబర్లను వారానికోసారైనా సరిచూసి తీసేయాలని 2025లో ఎన్‌పీసీఐ నిబంధన తేవడంతో యూపీఐ వరకు కొంత నయమైంది. మిగతావి మనమే మార్చుకోవాలి.

అందుకే ఏ నంబరైనా వదిలేయాలనుకుంటే ముందు బ్యాంకులో, ఆధార్‌లో, గ్యాస్‌లో, వాట్సాప్‌లో కొత్త నంబరు ఇచ్చి, ఆ తర్వాతే రీచార్జి ఆపండి. విదేశాలకు వెళ్లేవాళ్లైతే విమానం ఎక్కకముందే రోమింగ్ ఆన్ చేయించుకుని, ఏడాది ప్లాన్ వేసుకోవడం మేలు. రోమింగ్‌లో ఉన్నప్పుడు మామూలుగా వచ్చే మెసేజ్‌లకు చార్జీ ఉండదు. అయితే కాల్ ఎత్తితే మాత్రం బాదుడే.

వేరే దారులు

పోస్ట్‌పెయిడ్: ఇంట్లో నలుగురూ ఒకే కంపెనీ అయితే ఫ్యామిలీ ప్లాన్‌లో అదనపు సిమ్‌గా పెద్దవాళ్ల నంబరు చేర్చవచ్చు. బిల్లు మీకే వస్తుంది కాబట్టి గడువు గొడవ ఉండదు. కానీ ఆ ధరల మీద 18 శాతం జీఎస్టీ అదనంగా పడుతుంది. అది కలిపాకే రోజు లెక్క వేయండి. కాల్స్ మాత్రమే వాడే ఒక్క నంబరు కోసమైతే ఇది సాధారణంగా గిట్టుబాటు కాదు.

జియోభారత్ ఫోను: 2023 జులైలో వచ్చింది. అప్పుడు ఫోను ధర రూ.999, దాని 28 రోజుల ప్లాన్ రూ.123. రోజుకు రూ.4.39 అన్నమాట. ఆ ప్లాన్ ఆ ఫోనుకే పనిచేస్తుంది.

పోర్ట్: నంబరు మార్చకుండా చవకైన కంపెనీకి మారొచ్చు. PORT అని రాసి, ఖాళీ వదిలి, మీ నంబరు కొట్టి 1900కి మెసేజ్ పెడితే కోడ్ వస్తుంది. ఇప్పుడున్న కంపెనీలో కనీసం 90 రోజులు నిండి ఉండాలి. మారేముందు రెండు చూడండి. ఒకటి, ఊళ్లో, అదీ ఆ ఇంట్లో, మంచం దగ్గర సిగ్నల్ వస్తుందా? రెండు, ఫోను ఏ రకం? జియోకి 2జీ నెట్‌వర్క్ లేదు, పాత 2జీ కీప్యాడ్ ఫోన్లలో ఆ సిమ్ పనిచేయదు. బీఎస్ఎన్ఎల్ ప్లాన్‌లు చవకగా ఉంటాయి, కానీ సిగ్నల్ లేని చోట ఎంత చవకైనా దండగే.

గుర్తు పెట్టుకునేది ఎవరు?

నా తప్పు అసలు ఇక్కడే జరిగింది. గుర్తు మెసేజ్ వెళ్లేది ఆ ఫోనుకి. డబ్బులు కట్టేది మనం. మధ్యలో సమాచారం తెగిపోతుంది. ఆఫీసులో ఇలాంటి బగ్ దొరికితే సిగ్గుపడతాం, ఇంట్లో మాత్రం ఏళ్ల తరబడి వదిలేస్తాం.

ఇప్పుడు నేను మూడు పనులు చేస్తున్నా. నాయనమ్మ నంబరును నా యాప్‌లో కలుపుకున్నా, గడువు నాకే కనిపిస్తుంది. గడువుకి వారం ముందు మోగేలా క్యాలెండర్‌లో పెట్టా, మా చెల్లి ఫోన్లో కూడా. ఆదివారం పొద్దున ఒక కాల్ చేస్తా. కలవకపోతే సిగ్నల్ లేదనుకుని వదిలేయను, పక్కింటి అత్తకు చేస్తా.

ఇక ప్లాన్ విషయం. కాల్స్ మాత్రమే ఉండే 365 రోజుల ప్లాన్ వేశా. ఆ సంగతి చెబితే నాయనమ్మ నవ్వింది.

“ఏడాదికా? అంత దూరం ఎందుకు నాయనా, మూడు నెలలకు వేస్తే పోలా. నేనుంటానో లేదో, డబ్బులు దండగ.”

నిజం చెప్పాలంటే, రీచార్జి బటన్ నొక్కేముందు ఆ ఆలోచన నాకూ వచ్చింది. వాపసు రాని డబ్బు. 84 రోజులవి వేసుకుంటూ పోతే రోజుకు ఓ అర్ధరూపాయి ఎక్కువ, అంతే. లెక్క ప్రకారం ఆమె మాటా తప్పు కాదు. కానీ మూడు నెలలకోసారి నేను మర్చిపోయే అవకాశం ఉంది. ఏడాది ప్లాన్‌లో ఆ అవకాశం ఏడాదికి ఒక్కసారే. నేను కట్టింది ఆ తేడాకే.

“దండగేం కాదులే నాయనమ్మా, వచ్చే సంక్రాంతికి వచ్చి మళ్లీ వేస్తా” అన్నా.

“అట్నే రా. వచ్చేటప్పుడు ఆ ఫోను మోత కొంచెం పెద్దది చేయి. పెరట్లో ఉంటే వినపడటంలా” అంది.

రీచార్జితో పాటు రింగ్‌టోన్ సౌండ్ కూడా ఒకసారి చూడండి. అది ఫ్రీయే.