సంవత్సరానికీ కమ్మీయేనా?

ఎక్సెల్‌లో ఒక కాలమ్‌లో సంవత్సరాలు, పక్క కాలమ్‌లో మీ ఊరి వర్షపాతం మిల్లీమీటర్లలో కొట్టారు. రెండూ సెలెక్ట్ చేసి, ఇన్సర్ట్‌లోకెళ్లి కాలమ్ చార్ట్ నొక్కారు. తీరా చూస్తే వాన కమ్మీల పక్కనే 2021, 2022, 2023 కూడా కమ్మీలై నిలబడ్డాయి! ఎందుకు?

2021 అంటే ఏడాది అని ఎక్సెల్‌కెలా తెలుస్తుంది పాపం? గడిలో అంకె ఉంటే కొలతే అనుకుంటుంది. అక్షరాలుంటే పేరుగా తీసుకుని అడుగున రాస్తుంది. పై మూల గడి ఖాళీగా ఉంటే మాత్రం, మొదటి కాలమ్‌లోని అంకెల్నీ పేర్లుగానే తీసుకుంటుంది. అందుకని ‘సంవత్సరం’ అనే శీర్షిక గడిని ఖాళీ చేసి, మళ్లీ గీయించండి. ఏళ్లన్నీ బుద్ధిగా అడుగుకు దిగుతాయి.

ఇంకో పేచీ ఎత్తుతో. 90, 95 మార్కులకు రెండు కమ్మీలు గీస్తే దాదాపు సమానంగా ఉండాలి. కానీ నిలువు గీత 85 దగ్గర మొదలైతే రెండోది మొదటిదానికి రెట్టింపు! అంకెలు దగ్గరదగ్గరగా ఉంటే ఎక్సెల్ ఒక్కోసారి తనంతట తానే ఇలా చేస్తుంది. నిలువు గీత మీది అంకెలపై డబుల్ క్లిక్ చేసి, మినిమమ్ దగ్గర 0 వేయండి.

అన్నట్టు, కమ్మీల చార్టును 1786లోనే విలియం ప్లేఫెయిర్ అనే ఆయన తన పుస్తకంలో అచ్చువేశాడు. అందులో చూపాల్సిన స్కాట్లాండ్ వ్యాపారానికి ఒక్క ఏడాది లెక్కలే దొరికాయి మరి, ఏళ్ల వెంట సాగే గీత గీయడం కుదర్లేదు!