అక్రా తీరము – బందరు బట్ట

2008వ సంవత్సరము మార్చి నెలలో శంషాబాదు విమానాశ్రయము తెఱవబడిన నాటినుండి దూరదేశయానము మనవారికి మిక్కిలి సులభమైనది. ఒకప్పుడు కాశీయాత్రకు మాసములు పట్టిన కుటుంబములలోనివారే నేడు దుబాయిలో విమానము మాఱి, ఆఫ్రికాఖండపు పశ్చిమతీరమున నున్న ఘానా రాజధానియగు అక్రాలో దిగగలుగుచున్నారు. అట్లు పోవువారు అచట చూడదగిన దేమియో యించుక విచారింతము.

మొదట నొక హెచ్చరిక. ఎల్లో ఫీవరను జ్వరమునకు టీకా వేయించుకొనిన పత్రము లేక ఆ దేశమున ప్రవేశము దొరకదు. టీకా వేసిన పదిదినములకు గాని యా పత్రము చెల్లదు. అది లేక తిరిగివచ్చువారిని మన ప్రభుత్వమువారు ఆఱుదినములవఱకు వేఱుగా నుంచవచ్చును. కావున ముందుగనే జాగ్రత్తపడుట మేలు.

అక్రాకు తూర్పున లబాడి యను సముద్రతీరము కలదు. సెలవుదినములలో జనులు గుంపులుగా చేరి పాటలతో, వాద్యములతో ప్రొద్దుపుత్తురు. కెరటముల యీడ్పు బలమైనది గనుక ఈత నేర్చినవారును లోతునకు పోరాదు. పడమట జేమ్సుటౌనులో రంగులు పూసిన దోనెలు బారులుదీరి యుండును. అచటి గా జాతి జాలరులు మంగళవారమునాడు వేటకు పోరు. ఆ దినము సముద్రమునకు విశ్రాంతి యని వారి నమ్మకము.

ఈ తీరములను మాత్రమే చూచి మఱలినవాడు అక్రాను సగమే చూచినవాడు. ఆ పట్టణము మూడు కోటల నాశ్రయించి పెరిగినది. 17వ శతాబ్దిలో డచ్చివారు, ఇంగ్లీషువారు, డేనులు వేర్వేఱుగా వానిని కట్టిరి. ఈ మూడు జాతులును మనకు క్రొత్తవారు కారు. శంషాబాదునకు అనతిదూరమున నున్న గోలకొండను కుతుబ్‌షాహీలు ఏలుచుండగా, వారి రేవగు మచిలీబందరులో ఆ శతాబ్దముననే ఈ మువ్వురును వర్తకము చేసిరి. ఇంగ్లీషువారు 1611లో అచట దిగిరి. డచ్చివారు అంతకు ముందే వచ్చిరి. వారు కోరినది మన నూలుబట్ట.

ఆ బట్ట యెచటికి పోయెను? మన తూర్పుతీరపు మగ్గములపై నేసిన బట్టలలో కొన్ని యూరపునకు చేరి, అచటనుండి మరల ఓడలకెక్కి పశ్చిమాఫ్రికాకు పోయెను. వానికి గినీబట్టలను పేరే స్థిరపడెను. ఆ తీరమున మనుష్యులను కొనుటకు వర్తకులు చెల్లించిన వెలలో తుపాకులతోను, సారాయితోను పాటు ఈ బట్టయు నుండెను. మన సాలెవాడు తన నేత యొకని మెడకు సంకెల యగునని యెఱుగడు. అతనికి దక్కినది స్వల్పమగు కూలి, లాభము వర్తకునిది. అతనిని నిందింపరాదు. కాని తెలిసినపిదప మనము మఱచుట తగదు.

అక్రాకు పడమట సుమారు 145 కిలోమీటర్ల దూరమున కేప్‌కోస్టు కోటయు, దానికి సమీపమున 1482లో పోర్చుగీసువారు ప్రారంభించిన ఎల్మినా కోటయు కలవు. ఆ చీకటికొట్లలో బంధింపబడి ఓడలకెక్కినవారిలో తిరిగివచ్చిన వారు అరుదు. 1979లో యునెస్కోవారు ఈ తీరపు కోటలను ప్రపంచవారసత్వములో చేర్చిరి.

ఆ జాతి దుఃఖముతోనే నిలిచిపోలేదు. బర్మాయుద్ధములో పోరాడి మఱలిన సైనికులును వారితోటివారును తమకు రావలసినదానిని అడుగుటకై 1948 ఫిబ్రవరి 28న అక్రాలోని గవర్నరు కోటవైపు నడువగా పోలీసు కాల్పులలో ముగ్గురు మాజీసైనికులు మరణించిరి. తొమ్మిదేండ్లకు, 1957 మార్చి 6న, ఎన్‌క్రూమా నాయకత్వమున దేశము స్వతంత్రమైనది. ఆ ప్రకటన జరిగిన పోలో మైదానముననే నేడాయన సమాధి యున్నది.

కావున అక్రాకు పోవు తెలుగువారు లబాడిలో ఒక సాయంకాలము గడపుడు. ఒక దినము మాత్రము కోటలకు కేటాయింపుడు. అచటి చీకటిగదిలో నిలిచినపుడు బందరు మగ్గమును తలచుకొనుడు. తన చేతి సరకు ఎవరి చేతికి పోవుచున్నదో, ఏ పనికి వినియోగమగుచున్నదో విచారించుట నేటి వర్తకునకును విధియే గదా!